ఫోల్డింగ్ టేబుల్ దగ్గర తెల్లబడిన వేళ్ళు

మా పిన్ని ఎడమచేతి బొటనవేలి కొస మీద ఆవగింజంత తెల్లచుక్క మొదటిసారి కనబడినప్పుడు, షూ కంపెనీలో వాడే జిగురు, అంటే సొల్యూషన్, ఎండి పొరలా అంటుకుందేమోనని గోటితో గీకిందట. రాలేదు. మర్నాడు తలస్నానం చేస్తూ కుంకుడు నురుగుతో రుద్దింది. అప్పటికీ పోలేదు. పదిహేను రోజులకు ఆ చుక్క పక్కన ఇంకో రెండు, చూపుడువేలి మీద నాలుగు వచ్చాయి. నొప్పి లేదు, దురద లేదు, పొట్టు లేవడం లేదు. బాధ ఏదీ లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత మా ఇంటికి వచ్చి, అమ్మ అందించిన కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు నేను చూసి అడిగితే, "ఏందో అయింది అబ్బయా, రంగు దిగిపోతా ఉంది" అన్నది, చీర రంగు దిగిపోయినంత మామూలుగా.

పిన్ని వాళ్ళది నాయుడుపేట పక్క పల్లె. పెళ్ళయ్యాక బాబాయితో కలిసి చెన్నై వచ్చి క్రోంపేటలో కాపురం పెట్టింది. ఈ పేటకు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వాళ్ళు ఇక్కడే చాలామంది ఉన్నారు. క్రోమ్ లెదర్ కంపెనీ అనే తోళ్ళ కర్మాగారం ఉన్న చోటు గనుక క్రోంపేట అయింది. అంటే ఊరి పేరులోనే రసాయనం ఉంది. పల్లావరం, నాగల్‌కేణి పరిసరాలలో తోళ్ళ శుద్ధి యూనిట్లు, వాటిని ఆనుకొని షూ అప్పర్లు, అంటే షూ పైభాగాలు, కుట్టే చిన్నాపెద్దా కంపెనీలు ఉన్నాయి. అటువంటి ఒక కంపెనీలో పిన్ని పద్నాలుగేళ్ళు ఫోల్డింగ్ టేబుల్ దగ్గర పనిచేసింది. అదే కంపెనీలో నేను ఆరేళ్ళు స్టోర్సు రిజిస్టరు రాశాను. ఈ రెండో సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత వివరిస్తాను.

ఫోల్డింగ్ అంటే ఏమిటో తెలియకపోతే ఆ తెల్లచుక్కలు ఆ వేళ్ళ మీదనే ఎందుకు మొదలయ్యాయో అర్థం కాదు. కత్తిరించిన తోలుముక్క అంచును ముందుగా యంత్రం మీద పలచగా చెక్కుతారు, దానిని స్కైవింగ్ అంటారు. పలచబడిన అంచు మీద బ్రష్షుతో సొల్యూషన్ పూసి, కాస్త ఆరి జిగురు పట్టేదాకా ఆగి, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి అంచును లోపలికి మడిచి, కుడిచేతిలోని చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. తిన్నటి అంచయితే సులువే. మడమ దగ్గర వంపు వచ్చినప్పుడు తోలును వేలికొసతో సన్నసన్నటి కుచ్చిళ్ళుగా సర్దాలి, చీర కుచ్చిళ్ళు పెట్టినంత ఓపికగా. ఈ సర్దడం గ్లౌజు వేసుకొని చేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ జిగురుకు గ్లౌజే ముందు అంటుకుంటుంది. కనుక ఉత్త చేతులతోనే చేస్తారు. షిఫ్టు ముగిసేసరికి వేళ్ళ మీద లేత పసుపురంగు తొక్కలు కడతాయి. వాటిని థిన్నరులో ముంచిన గుడ్డతో తుడుచుకొని ఇళ్ళకు వెళతారు. థిన్నరు ఆ తొక్కతోపాటు చర్మానికి కాపుగా ఉండే నూనెపొరను కూడా కరిగించి తీసుకుపోతుందనీ, ఆ తర్వాత ఏ రసాయనమైనా లోపలికి దిగడం మరింత తేలికవుతుందనీ ఆ టేబుల్ దగ్గర ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఇంట్లో వెతుకులాట వేరే దారిలో నడిచింది. అది మనందరికీ తెలిసిన దారే. ఈ బొల్లి ఎవరి వైపు నుంచి వచ్చింది? అమ్మమ్మ వైపు ఎవరికీ లేదు. తాతయ్య అన్నకు వీపు మీద ఏదో మచ్చ ఉండేదని ఒక పెద్దమ్మ అన్నది, అది పుట్టుమచ్చ అని ఇంకొకావిడ అన్నది. చేపకూర తిన్న పూట పాలు తాగిందా అని ఒకరు, సర్పదోషమేమో జాతకం చూపించమని ఇంకొకరు. అదే ఏడు గూడూరు వైపు నుంచి పిన్ని కూతురికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫువాళ్ళు వచ్చి కూర్చున్నారు, పిన్ని టిఫిను పళ్ళేలు అందించింది. వారం తర్వాత జాతకాలు కలవలేదని కబురు వచ్చింది. జాతకాలు రెండు నెలల ముందే కలిశాయి. మధ్యవర్తి పెద్దమనిషి మొహమాటపడుతూ అసలు మాట చెప్పాడు: తల్లి చేతులు చూశారట.

చుక్కల కన్నా, చుక్కలకు మనం పెట్టిన కారణమే ఆ సంబంధాన్ని చెడగొట్టింది. ఆ కారణం తప్పు. తప్పు అని ఒప్పించగల వాస్తవం కంపెనీలో, ఆస్పత్రిలో, చట్టంలో మూడుచోట్లా అందుబాటులో ఉండి కూడా, ఏ ఒక్కచోటా నోరు తెరిచి ఎవరూ చెప్పలేదు. పని వల్ల పోయిన రంగును వంశం వల్ల పోయిన రంగుగా లెక్క రాయడం ఒక రకమైన ఖాతా మార్పిడి అని, ఆ మార్పిడి వల్ల కంపెనీ పద్దు తేలికై ఇంటి పద్దు బరువెక్కుతుందని నా వాదన. స్టోర్సు లెక్కలు రాసినవాడిని గనుక నాకు ఇలాగే తోస్తుంది.

ముందు పేరు సంగతి. తెలుగులో బొల్లి అనే మాటలో నిజానికి జబ్బు లేదు, రంగు మాత్రమే ఉంది. బొల్లి ఆవు అంటే ముఖాన తెల్లమచ్చ ఉన్న ఆవు, అంతే. తమిళంలో మొన్నమొన్నటిదాకా అందరి నోటా నలిగిన మాట వెణ్‌కుష్ఠం, అంటే తెల్ల కుష్ఠు. ఆ మాటను మాన్పించి వెణ్‌పుళ్ళిగళ్, అంటే తెల్లచుక్కలు, అనే మాటను వాడుకలోకి తేవడానికి ఈ నగరంలోనే కొందరు ఏళ్ళతరబడి పాటుపడ్డారు. కానీ క్రోంపేట బజారులో తమిళం, తెలుగు కలిసే మాట్లాడతారు గనుక, పిన్ని చేతుల మీదికి ఆ పాత మాట కూడా వచ్చి చేరింది. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుష్ఠు సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ మచ్చ పాలిపోయినట్టుగానో ఎర్రగానో ఉంటుంది తప్ప పాలలా తెల్లగా ఉండదు, పైగా అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపింజ తగిలినా తెలుస్తుంది. అంటుకునేదీ కాదు.

పిన్నిని మొదట చూసిన ప్రైవేటు చర్మవైద్యుడు ఈ విషయాలన్నీ ఓపికగానే చెప్పాడు. ఇది శరీరం తన రంగుకణాలను తానే శత్రువులుగా భావించి చంపుకోవడం అని వివరించి, ఇంట్లో ఎవరికైనా ఉందా, థైరాయిడ్ ఉందా, మనసుకు ఒత్తిడి ఏమైనా ఉందా అని అడిగాడు. పూతమందు రాసిచ్చాడు. ఆయన చెప్పినదేదీ అబద్ధం కాదు. కానీ ఒక ప్రశ్న అడగలేదు. ఎనిమిది నెలల తర్వాత ప్రభుత్వ ఆస్పత్రి చర్మవిభాగంలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ, పిన్ని చేతిని రెండువైపులా తిప్పి చూసి, మందు చీటీ ముట్టుకోకముందే అడిగిన ప్రశ్న అది: "ఏం పని చేస్తారమ్మా?" షూ కంపెనీ అనగానే ఆవిడ కలం కింద పెట్టి, ఏ చేత్తో ఏం చేస్తారు, జిగురు ఏ వేలికి తగులుతుంది, దేనితో తుడుచుకుంటారు అని ఒక్కొక్కటే అడిగింది. పిన్ని లేచి నిలబడి, లేని తోలుముక్కను గాలిలో మడిచి చూపించింది. తెల్లచుక్కలన్నీ సరిగ్గా ఆ మడత వేసే చోటనే ఉన్నాయి.

రసాయనం వల్ల రంగు పోయిన చర్మాన్ని మామూలు బొల్లి నుంచి వేరుచేసి చెప్పగల రక్తపరీక్ష లేదు. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసినా రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేరుచేసి చెప్పగలిగేది రోగి చెప్పే చరిత్ర మాత్రమే: ఏది తగిలింది, ఎక్కడ తగిలింది, ఎన్నాళ్ళు తగిలింది. దానికి తోడుగా నిలిచే ఒక ఆనవాలు, పెద్ద మచ్చలకు ముందు లేదా వాటితో పాటు, చిటికెడు రవ్వ చల్లినట్టుండే చిన్నచిన్న చుక్కలు. ఘోష్, ముఖోపాధ్యాయ అనే ఇద్దరు వైద్యులు మన దేశంలోనే 864 మంది ఇలాంటి రోగులను పరిశీలించి 2009లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, పదింట దాదాపు తొమ్మిది మందిలో ఈ రవ్వచుక్కలు కనిపించాయి. ఆ జాబితాలో తలకు వేసుకునే రంగు మొదటి స్థానంలో ఉంది. స్టిక్కరు బొట్టు, రబ్బరు చెప్పులు, సెంటు స్ప్రేలు, బట్టల సబ్బులు కూడా ఉన్నాయి. అన్నీ ఇంట్లో ఉండేవే. వీటన్నిటినీ అడిగితే గానీ తెలియని జబ్బు ఇది. అడగడానికి డాక్టరు దగ్గర సమయం ఉండాలి, చెప్పడానికి రోగికి తన పని గురించి చెప్పదగినదేదో ఉందన్న ఊహ ఉండాలి. మన బయటి రోగుల విభాగాలలో ఈ రెండూ ఏకకాలంలో దొరకడం అదృష్టమే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1939లో ఆలివర్, ష్వార్జ్, వారెన్ అనే ముగ్గురు అమెరికా వైద్యులు అక్కడి ఒక తోళ్ళ శుద్ధి కర్మాగారంలో, సరిగ్గా మా పేటలోని పనివంటి పని చేసే కార్మికులలో, చేతుల మీద, ముంజేతుల మీద రంగు పోవడాన్ని గమనించారు. తోళ్ళకు వాడే రసాయనాలనే ముందు అనుమానించారు. కానీ రంగు పోయిన హద్దు రబ్బరు గ్లౌజు హద్దుతో కలిసింది. గ్లౌజు రబ్బరు త్వరగా చివికిపోకుండా కలిపిన హైడ్రోక్వినోన్ మోనోబెంజైల్ ఈథర్ అనే పదార్థమే అసలు దోషి అని తేలింది. చేతులను కాపాడడానికి ఇచ్చిన తొడుగే చేతుల రంగు తీసింది. ఆ పదార్థాన్నే తర్వాతి కాలంలో, ఒళ్ళంతా బొల్లి పాకి అక్కడక్కడ మాత్రమే రంగు మిగిలిన వాళ్ళకు, ఆ మిగిలిన రంగును కూడా తీసివేసి చర్మాన్ని ఏకరీతిగా చేయడానికి మందుగా వాడారు. మందుగా వాడదగినంత నమ్మకంగా రంగు తీస్తుందని వైద్యశాస్త్రం ఒప్పుకున్న పదార్థాన్ని, ఫ్యాక్టరీలో మాత్రం అనుమానించడానికి కూడా వెనకాడడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

షూ సొల్యూషన్‌లో ఉన్నది దాని దాయాది. సొల్యూషన్ అని మనం పిలిచే జిగురు ప్రధానంగా నియోప్రీన్ రబ్బరు. దానికి అతుకుగుణం పెంచడానికి పారా టెర్షియరీ బ్యూటైల్ ఫీనాల్ నుంచి తయారైన రెసిన్ కలుపుతారు. రెసిన్‌గా మారకుండా మిగిలిపోయిన ఆ ఫీనాల్ కొద్దిపాటిగా జిగురులో ఉండిపోతుంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి. ఆ పని మొదలుపెట్టే ఎంజైమ్ టైరోసినేజ్. ఈ ఫీనాల్ అణువు చూడడానికి టైరోసిన్ పోలికలోనే ఉంటుంది. తిరగలి తనలో పోసింది బియ్యమో, బియ్యం రంగు రాయో ఎంచి చూడదు, తిరుగుతుంది. అలాగే రంగుకణం ఈ ఫీనాల్‌ను కూడా విసరబోతుంది. అప్పుడు పుట్టే క్వినోన్ వంటి పదార్థాలు కణంలోని ప్రొటీన్లను పట్టుకొని వాటి రూపం చెడగొడతాయి, కణం ఒత్తిడికి లోనై చచ్చిపోతుంది. ఇతర చర్మకణాలకు ఏమీ కాదు, ఎందుకంటే వాటిలో ఆ తిరగలి లేదు. అందుకే పుండు పడదు, మంట పుట్టదు, రంగు ఒక్కటే పోతుంది. ఆ తర్వాత జరిగేది ఇంకా చెడ్డది. రూపం చెడిన ప్రొటీన్లను చూసి శరీర రక్షణవ్యవస్థ రంగుకణాలను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది, నేర్చుకున్నాక ఒళ్ళంతా వెతుకుతుంది. పిన్నికి రెండో ఏడు మోచేతి మీద, సొల్యూషన్ చుక్క కూడా ఎన్నడూ తగలని చోట, మచ్చ వచ్చింది. దానినే చూపించి కంపెనీ వాళ్ళు, "చూశావా, మా జిగురు అక్కడ లేదు గదా, ఇది నీ ఒంట్లోదే" అన్నారు.

అదే టేబుల్ దగ్గర పదకొండు మంది ఆడవాళ్ళు అదే సొల్యూషన్ వాడుతుంటే ఒక్కరికే ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నను మాత్రం నేను తేలికగా కొట్టివేయను. జన్యువుల పాత్ర ఉంది. అందరి రంగుకణాలూ ఒకే విధంగా తట్టుకోలేవు. కానీ దీనిని కారణం కంపెనీది కాదనడానికి రుజువుగా చూపడం తర్కం కాదు. ఒకే వానలో తడిసిన పదిమందిలో ఒకరికే జ్వరం వస్తే వాన కురవలేదని అనం. పైగా ఒక్కరికే అన్న లెక్క కూడా, వెతకనప్పటి లెక్క. 1977లో ఇంగ్లండులో జేమ్స్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి, ఇదే బ్యూటైల్ ఫీనాల్‌ను తయారుచేసే చోట పనిచేసిన 198 మందిని వరుసగా పరీక్షిస్తే 54 మందికి బొల్లి మచ్చలు ఉన్నాయి. నలుగురిలో ఒకరి కన్నా ఎక్కువ. మామూలు జనంలో బొల్లి ఉండేది నూటికి ఒకరిద్దరికి. మా కంపెనీలో అలా అందరినీ నిలబెట్టి చొక్కా చేతులు పైకి మడిపించి చూసినవారు ఇంతవరకూ లేరు. నేను చూసినంతలో, పిన్ని కాక మరో ఇద్దరి వేళ్ళమీద చుక్కలు ఉన్నాయి. ఒకావిడ వాటిమీద గోరింటాకు పెట్టుకుంటుంది, ఎర్రగా పండినన్నాళ్ళు కనబడవని.

తర్వాత బొట్టు వాదన వచ్చింది. పిన్ని నుదుట కూడా రెండు కనుబొమల నడుమ కందిగింజంత తెలుపు ఉంది. ఆమె కుంకుమ మానేసి స్టిక్కర్లు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కంపెనీ ఆఫీసులో మాట్లాడడానికి వెళ్ళినప్పుడు అక్కడి అధికారి ఆ నుదుటివైపు చూసి, గెలిచినవాడిలా, "అది మేం పూసిన జిగురు కాదు కదా సార్" అన్నాడు. నిజమే, కాదు. కానీ జిగురే. అలహాబాదు చర్మవైద్యులు బజాజ్, ఆయన సహచరులు 1990లోనే స్టిక్కరు బొట్టు వెనకనుండే జిగురులో మిగిలి ఉన్న ఇదే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫీనాల్ వల్ల నుదుట రంగు పోతుందని చూపించారు. బొట్టు వెనక జిగురు గోరంత, అది కూడా ఒకేచోట. సొల్యూషన్ రోజుకు ఎనిమిది గంటలు, రెండు వేళ్ళకూ. గోరంత జిగురు నుదుటిమీద చేయగలిగిన పనిని, డబ్బాల కొద్దీ జిగురు వేళ్ళమీద చేయలేదని ఎలా అనగలం? ఆయన తన వాదనకు తెచ్చుకున్న సాక్షి మా వైపు సాక్ష్యం చెప్పింది. ఆ మాట అప్పుడే అక్కడే నాకు స్ఫురించి ఉంటే బాగుండేది, బస్సెక్కాక స్ఫురించింది.

ఇక నా సంగతి. ఆరేళ్ళపాటు ఆ సొల్యూషన్ డబ్బాల రాకపోకలు రాసినవాడిని నేనే. డబ్బా మీద మంటగుర్తు ఉండేది, గాలి ఆడేచోట వాడమని ఉండేది, కంపెనీ పేరు, బ్యాచి నంబరు ఉండేవి. లోపల ఏ రెసిన్ ఉందో డబ్బా మీద లేదు. కానీ ఒక ఫైలులో ఉంది. విదేశీ కొనుగోలుదారుల తరఫున ఆడిటుకు వచ్చేవాళ్ళు అడుగుతారని ప్రతి రసాయనానికీ భద్రతా వివరాల పత్రం తెప్పించి నీలం ఫైలులో పెట్టేవాళ్ళం. సొల్యూషన్ పత్రంలో మూడో విభాగంలో ఆ ఫీనాల్ రెసిన్ పేరు ఉంది, పదకొండో విభాగంలో చర్మానికి ఎలర్జీ కలిగించవచ్చునన్న మాట ఉంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాలలో. ఆ ఫైలును నేను ఆడిటరుకు అందించాను, ఆయన ఉన్నదని టిక్కు పెట్టాడు, నేను మళ్ళీ బీరువాలో పెట్టాను. బీరువాకు ఇరవై అడుగుల దూరంలో ఫోల్డింగ్ టేబుల్ ఉంది. ఆ ఇరవై అడుగులు ఆ కాగితం ఎన్నడూ నడవలేదు, నడిపించవలసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిన్నికి తెలుగు చదవడం వచ్చు. తెలుగులో నాలుగు ముక్కలు రాసి గోడకు అంటించడానికి నాకు పావుగంట పట్టేది.

ఆ ఆడిట్లలో దేనికి ఎంత పట్టింపు ఉండేదో గుర్తుచేసుకుంటే నాకు ఇప్పటికీ చిరాకు కలుగుతుంది. చర్మానికి తగిలే తోలు వస్తువులలో ఆరో సంయోజకతలోని క్రోమియం, అంటే ఆ లోహపు హానికరమైన రూపం, కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరరాదని యూరోపియన్ యూనియన్ 2015 మే నుంచి నియమం అమలు చేస్తోంది. దానికోసం మా అప్పర్ ముక్కలు అడయారు ప్రయోగశాలకు, ఇంకా ఎక్కడెక్కడికో పరీక్షకు వెళ్ళేవి. మంచి నియమమే, ఉండవలసిందే. ఆ షూ తొడుక్కునే పాదం హాంబర్గులోనో మిలాన్‌లోనో ఉన్నా, దాని చర్మం గురించి క్రోంపేటలో మేము భయపడేవాళ్ళం. ఆ షూ మడిచిన వేలు మా కళ్ళముందే ఉన్నా దాని గురించి భయపెట్టే కాగితం ఏదీ లేదు. కొన్నవారి చర్మానికీ చేసినవారి చర్మానికీ ఉన్న ఈ తేడా జపానులో జరిగినదాన్ని చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ కానెబో సంస్థ చర్మాన్ని తెల్లగా చేసే క్రీములలో రోడోడెండ్రాల్ అనే పదార్థం వాడింది. ఇదీ ఫీనాల్ కుటుంబమే, ఇదీ తిరగలిలో పడే రాయే. వాడినవారిలో సుమారు నూటికి ఇద్దరికి మచ్చలుగా రంగు పోయింది. 2013 జూలైలో ఆ సంస్థ తన సరుకంతా బజారు నుంచి వెనక్కి తీసుకొని, బాధితులకు చికిత్స ఖర్చులూ పరిహారమూ చెల్లించడానికి పూనుకుంది. వాళ్ళు తెల్లబడాలని కొనుక్కున్నవారు, మా పిన్ని అడగకుండా తెల్లబడింది. అక్కడ డాక్టర్లు లెక్కలు కట్టారు, ఇక్కడ జాతకం చూశారు.

చట్టం సంగతికి వస్తే, 1948 కర్మాగారాల చట్టం మూడో షెడ్యూలులో, డాక్టరు చూసిన వెంటనే అధికారులకు తెలియజేయవలసిన 29 వృత్తి వ్యాధుల పట్టిక ఉండేది. అందులో క్రోమియం వల్ల పడే పుండు ఉండేది, రసాయనాలు, రంగులు తగలడం వల్ల వచ్చే చర్మశోథ ఉండేది. రంగు పోవడం పేరెత్తి ఉండేది కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా ఆ పట్టికను దాదాపు ఉన్నదున్నట్టే తీసుకుంది. కానీ 2010లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో చర్మవ్యాధుల కింద బొల్లి విడిగా, పేరుతో ఉంది. బ్రిటన్‌లో పరిహారానికి అర్హమైన జబ్బుల పట్టికలో వృత్తి బొల్లి అని రాసి, ఏయే రసాయనాలతో పనిచేసి ఉండాలో కూడా రాశారు. వాటిలో మొట్టమొదటిది మా సొల్యూషన్‌లోని ఫీనాలే. పేరు ఉంటే ఏం ఒరుగుతుంది అనవచ్చు. పేరు ఉంటే డాక్టరు అడుగుతాడు. పట్టికలో ఉన్న జబ్బు గురించి తెలియజేయకపోతే తనకు తప్పు అవుతుంది గనుక, ఏం పని చేస్తావని అడిగి తీరవలసి వస్తుంది. నాకు కావలసింది ఆ ఒక్క ప్రశ్న.

కార్మికుల పరిహారానికి సంబంధించిన చట్టంలో, రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధులు అనే విశాలమైన మాట ఉంది, వాదిస్తే బొల్లిని దానికింద ఇమడ్చవచ్చు. అయితే అక్కడ ఇంకో చిక్కు. ఆ చట్టం నష్టాన్ని కొలిచేది సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్న కొలతతో. పిన్ని వేలు తెగలేదు, వంగిపోలేదు, స్పర్శ పోలేదు. తెల్లబడిన వేలు నల్లటి వేలంత వేగంగానే తోలు మడుస్తుంది. కనుక ఆ కొలత ప్రకారం నష్టం సున్నా. తప్పిపోయిన సంబంధం, తిరుపతి బస్సులో పక్కసీటు ఆవిడ లేచి వెళ్ళడం, తన ఇంట్లోనే వడ్డించడానికి ముందుకు రాకుండా వెనక నిలబడడం, ఇవేవీ ఆ తక్కెడలో తూగవు. ముఖం మీద గాటు పడితే రూపానికి కలిగిన హాని అని కోర్టులు లెక్కలోకి తీసుకునే దేశం ఇది. రంగు పోవడం రూపానికి హాని కాదనడానికి, ముఖ్యంగా మనలాంటి రంగు పిచ్చి ఉన్న సమాజంలో, ఎవరికీ నోరు రాకూడదు.

గ్లౌజులు ఇస్తే సరిపోతుంది గదా అని మంచివాళ్ళు అంటుంటారు. 1939 నాటి కథ ఎరిగినవాళ్ళు ఆ మాట కొంచెం ఆలోచించి అనాలి. నూలు గ్లౌజు సొల్యూషన్‌ను పీల్చి రోజంతా వేలికి అదిమి పట్టి ఉంచుతుంది. పలచటి రబ్బరు గ్లౌజును థిన్నరు కాసేపట్లోనే దాటుతుంది. కాస్త మెరుగైన నైట్రైల్ గ్లౌజు కూడా ఫోల్డింగ్ పనికి జిగురులో అతుక్కొని చిరుగుతుంది, చిరిగినప్పుడల్లా మార్చాలి, మార్చిన ప్రతిసారీ జతల లెక్క తగ్గుతుంది, జతల లెక్క తగ్గితే సూపర్‌వైజరు వస్తాడు. అసలు పరిష్కారం డబ్బాలో ఉంది. ఆ ఫీనాల్ రెసిన్ లేని జిగుర్లు ఉన్నాయి, ఫోల్డింగుకు జిగురు తానే పూసి తానే మడిచే యంత్రాలు ఉన్నాయి. రెండూ ఖరీదు. ఆ ఖరీదును ఇప్పుడు ఎవరు భరిస్తున్నారన్నదే ప్రశ్న.

ప్రభుత్వ ఆస్పత్రిలో పిన్నికి వారానికి రెండుసార్లు అతినీలలోహిత కాంతి చికిత్స నడిచింది, టాక్రోలిమస్ పూత ఇచ్చారు. మోచేతి మీది మచ్చలో ఏడాదికి గోధుమరంగు చుక్కలు మొలిచి కలుసుకున్నాయి, ఇప్పుడు పట్టి చూస్తే గానీ తెలియదు. నుదుటిది కూడా స్టిక్కరు మానేశాక చాలావరకు నిండింది. వేలికొసలు మాత్రం అలాగే ఉన్నాయి. కొత్త రంగుకణాలు ఎక్కువగా వెంట్రుక కుదుళ్ళ నుంచి పుట్టుకొస్తాయని, వేలికొసన వెంట్రుకలు ఉండవు గనుక అక్కడ ఆశ తక్కువని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొట్టమొదట పోయినచోట, అన్నిటికన్నా ఎక్కువగా పనికి వాడినచోట, తిరిగి రావడానికి విత్తనమే లేదు.

కంపెనీ పిన్నిని ప్యాకింగుకు మార్చింది. దానిని దయగానే చెప్పుకున్నారు. ఫోల్డింగులో నైపుణ్యానికి ఇచ్చే అదనపు డబ్బు ఆ నెల నుంచే ఆగిపోయింది. పిన్ని చోట్లో తిరువణ్ణామలై వైపు నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి కూర్చుంది. షిఫ్టు అయ్యాక థిన్నరు గుడ్డ ముట్టుకోవద్దని, ముందు కొబ్బరినూనె రాసి తొక్క మెత్తబడ్డాక సబ్బుతో కడుక్కోమని పిన్ని ఆ పిల్లకు తనకు వచ్చిన తమిళంలో చెబుతుందట. నేను తెలుగులోను, తమిళంలోను రాసిచ్చిన కాగితాన్ని టేబుల్ పక్క గోడకు అంటిస్తే మూడోరోజుకు ఎవరో తీసేశారు. ఇప్పుడు దాని నకలు పిన్ని టిఫిను సంచిలో ఉంది. నెలకు ఒకసారి, జీతాల రోజున, పిన్ని ఆ పిల్ల ఎడమచేతిని కిటికీ దగ్గరకు తీసుకుపోయి బొటనవేలిని వెలుగులో తిప్పి చూస్తుందట. మొన్నటి నెలదాకా ఏమీ లేదని చెప్పింది.